నర్సరీ టీచర్ షీటులో ఐదు ఎర్ర టిక్కులు... కంగారు వద్దు, కానీ చెవుల పరీక్ష వాయిదా వేయొద్దు

ప్రశ్న: మాది కాజీపేట. మా బాబుకు మూడేళ్ల రెండు నెలలు. జూన్‌లో నర్సరీలో వేశాం. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ ఒక షీటు చేతిలో పెట్టారు. పెన్సిల్ పట్టడం రాదు, ఒకచోట కూర్చోడు, పిల్లలతో కలవడు, పిలిస్తే పలకడు, మాటలు తక్కువ అని ఐదింటికీ ఎర్ర టిక్కులు పెట్టారు. ఇంట్లో ‘అమ్మా దా’, ‘బువ్వ వద్దు’ లాంటి రెండేసి మాటలు అంటాడు. కుర్చీలు వరసగా వేసి, ఆర్టీసీ కండక్టర్‌లా ‘టికెట్, టికెట్’ అంటూ తిరుగుతాడు. మా అత్తమ్మ ‘వాళ్ల నాయినకూ నాలుగేండ్లకే మాటలొచ్చినయ్, వస పెడితే సరిపోతది’ అంటున్నారు. మావారేమో స్కూల్ మారుద్దామంటున్నారు. ఫోన్‌లో వెతికితే ఆటిజం అని వస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వాడికి ఎప్పుడూ జలుబే, నోరు తెరిచి పడుకుంటాడు, టీవీ సౌండ్ పెంచమని గోల చేస్తాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కాజీపేట

జవాబు: అమ్మా, మీరు చివర్లో మాటవరసకు రాసినట్టున్న ఆ జలుబు, నోరు తెరిచి పడుకోవడం, టీవీ సౌండ్ గురించే ముందు మాట్లాడుకుందాం. షీటులో ‘పిలిస్తే పలకడు’, ‘మాటలు తక్కువ’ అన్న రెండు లైన్లకు కారణం అక్కడే ఉండొచ్చు.

ముక్కు వెనక భాగంలో అడినాయిడ్స్ అనే కండ ఉంటుంది. ఈ వయసు పిల్లల్లో అది తరచూ వాస్తుంది. ముక్కుతో గాలి ఆడక నోటితో పీలుస్తారు, కొందరికి గురక కూడా వస్తుంది. అక్కడి నుంచి మధ్యచెవికి వెళ్లే సన్నని గొట్టం సరిగా తెరుచుకోకపోతే కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు చేరుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, జ్వరం రాదు, చీము కారదు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మనం నీళ్లలో మునిగి ఉన్నప్పుడు గట్టు మీదివాళ్ల మాటలు ఎలా వినిపిస్తాయో ఆ పిల్లలకు అన్నీ అలా వినిపిస్తుంటాయి. జలుబు తగ్గిన వారం బాగానే వింటారు, మళ్లీ జలుబు చేస్తే వినరు. ‘వాడు కావాలనుకుంటేనే వింటాడు, మొండి’ అనే పేరు చాలామందికి ఇలాగే పడుతుంది.

‘మావాడికి వినబడకపోవడమేంటి డాక్టర్, కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడతాడు’ అని తల్లిదండ్రులు అంటూనే ఉంటారు. విజిల్, చప్పట్లు, బరాత్‌లో డీజే లాంటి పెద్ద శబ్దాలు వినికిడి కొంత తగ్గినవాళ్లకూ వినిపిస్తాయి. తప్పిపోయేవి మెల్లగా అన్న మాటలు. క్లాసులో పిల్లల గోల మధ్య, వెనక నుంచి టీచర్ పిలిచిన పేరు తప్పిపోతుంది. సరిగ్గా వినపడని మాట నోటికి రావడం కూడా కష్టమే కదా.

కాబట్టి ఈ వారం పది రోజుల్లో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. వరంగల్‌లోని ప్రభుత్వ ఆస్పత్రి ఎంజీఎంలో అయినా సరే, మీకు తెలిసిన ప్రైవేటు డాక్టర్ దగ్గరైనా సరే. టింపనోమెట్రీ అనే పరీక్షలో చెవి దగ్గర చిన్న ప్రోబ్ పెట్టి కర్ణభేరి కదులుతోందో లేదో చూస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. దాంతోపాటు ఆడియాలజిస్ట్‌తో వినికిడి పరీక్ష కూడా చేయించండి. మూడేళ్లు దాటాయి కాబట్టి, శబ్దం వినగానే డబ్బాలో ఒక బ్లాక్ వేయమని ఆటలా చేయించవచ్చు. సహకరించకపోతే నిద్రపుచ్చి, శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్ష ఉంది. పుట్టినప్పుడు చెవుల పరీక్ష పాసయ్యాడు కదా అని ఆగొద్దు, తర్వాత వచ్చిన సమస్య అందులో కనిపించదు. నీరు ఉందని తేలినా బెంగపడొద్దు. చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే పోతుంది. పోకపోతే ఏం చేయాలో, కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టాలో వద్దో ఈఎన్‌టీ డాక్టర్ చెబుతారు. ఈలోగా కాచిన నూనె చుక్కలు, పిన్నీసులు, అగ్గిపుల్లలు చెవి దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇక మిగతా మూడు టిక్కులు. పెన్సిల్ సంగతి పూర్తిగా మరచిపోండి. మూడేళ్ల పిల్లవాడు చూసి గుండ్రం గీస్తే చాలు. కూడిక గుర్తు లాంటిది నాలుగేళ్లకు వస్తుంది, చతురస్రం ఐదేళ్లకు దగ్గరపడ్డాక. మూడు వేళ్ల పట్టు నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. ఈలోపు చపాతీ పిండి ముద్ద చేతికివ్వండి, బఠానీలు ఒలిపించండి, అంగీ గుండీలు వాడినే పెట్టుకోనివ్వండి. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక కూడా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు అస్సలు తగవని, చూసి రాసుకోవడమే పద్ధతని చెప్పింది. అయినా హనుమకొండలో నర్సరీ పిల్లల బ్యాగుల్లోంచి ఫోర్ లైన్స్ కాపీబుక్కులు బయటికొస్తుంటే నాకు చిరాకేస్తుంది.

‘ఒకచోట కూర్చోడు’ అన్నది ఈ వయసు స్వభావం. ఇష్టమైన ఆట మీద ఐదారు నిమిషాలు నిలిస్తే సరిపోతుంది. ‘పిల్లలతో కలవడు’ అన్నదాన్ని కాస్త ఆగి చూడాలి. మూడేళ్లప్పుడు పిల్లలు పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం మామూలే, కలిసి ఆడటం నాలుగో ఏడు వచ్చేసరికి పెరుగుతుంది. పైగా ఒకే నర్సరీ క్లాసులో దాదాపు ఏడాది తేడాతో పుట్టిన పిల్లలుంటారు. మూడేళ్ల వయసులో ఏడాదంటే జీవితంలో మూడో వంతు. టీచర్‌ను అడిగి మీవాడు క్లాసులో పెద్దవాడా చిన్నవాడా తెలుసుకోండి.

అలాగని టీచర్‌ను తప్పుపట్టకండి. ఆమె గమనించి చెప్పబట్టే మనం ఇప్పుడు చెవుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు స్కూల్ మారిస్తే వాణ్ణి రోజూ చూస్తున్న మనిషిని పోగొట్టుకుంటారు, కొత్తచోట మళ్లీ మొదటికే. మీవారికి ఈ మాట చెప్పండి. అయితే టిక్కులతో పని జరగదు, వివరం కావాలి. ‘పలకడు’ అంటే ఎక్కడ కూర్చున్నప్పుడు? ఎటువైపు నుంచి పిలిస్తే? తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా? ‘కలవడు’ అన్నది అభిప్రాయం. ‘మంగళవారం జారుడుబల్ల దగ్గర వేరే పిల్లవాడు రాగానే పక్కకు జరిగాడు, తర్వాత వాడి వెనకే ఎక్కాడు’ అని రాస్తే అది మాకు పనికొచ్చే గమనిక. వారానికి అలాంటివి రెండు వాక్యాలు తేదీ వేసి రాయమనండి. వాణ్ణి ముందు వరసలో, టీచర్ ముఖం కనిపించేలా కూర్చోబెట్టమనండి. మూడు నెలల తర్వాత ఆ కాగితాలు చూసుకుంటే, వాడు అప్పటికీ ఇప్పటికీ ఎంత ముందుకొచ్చాడో తెలుస్తుంది. పక్కింటి పాపతో పోలిక అక్కర్లేదు.

ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ కావడం వల్ల మాటలు ఆలస్యం కావు. కొత్త భాష చెవిన పడ్డప్పుడు పిల్లలు కొన్ని వారాలు స్కూల్లో నోరు విప్పకపోవచ్చు, అంతే. కానీ మీవాడు ఇంట్లో, తెలుగులో కూడా రెండు మాటల దగ్గరే ఉన్నాడు. మూడేళ్లకు మూడు నాలుగు పదాల వాక్యాలు రావాలి, వాడు చెప్పేదాంట్లో ముప్పావు వంతు బయటివాళ్లకు కూడా అర్థం కావాలి. అంటే మాటల్లో కొంత వెనకబాటు ఉన్నమాట నిజం.

మీ అత్తమ్మగారి మాటలో సగం నిజం ఉంది. ఆలస్యంగా మాటలు రావడం కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. అయితే అలాంటి పిల్లల్లో ఎవరు వాళ్లంతట వాళ్లు అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో ముందే చెప్పలేం. నాలుగేళ్ల దాకా చూద్దామనడం అందుకే సరికాదు. వసకొమ్ము అరగదీసి నాకిస్తే మాటలొస్తాయనడానికి ఆధారం లేదు, మోతాదు మించితే వాంతులవుతాయి. పెద్దావిడను నొప్పించకుండా ఆ గిన్నె పక్కన పెట్టేయండి.

ఆటిజం భయం గురించి. కుర్చీలను బస్సుగా ఊహించుకుని కండక్టర్ వేషం వేయడం మంచి సూచన. అదొక్కటీ చూసి ఆటిజం లేదని నేను ఉత్తరం మీద చెప్పలేను. మీరు కొన్ని గమనించండి. జూపార్కుకు తీసుకెళ్తే జింకను వేలితో చూపించి, మీరు చూశారా లేదా అని మీ ముఖం వైపు తిరుగుతాడా? టీవీ ఆపేసిన గదిలో దగ్గరగా పిలిస్తే పలుకుతాడా? ఒకప్పుడు అన్న మాటలు ఇప్పుడు అనడం మానేశాడా? వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకుండా పిల్లల డాక్టర్‌ను కలవండి. ఆటిజం అనుమానించినా వినికిడి పరీక్ష ఎలాగూ చేయిస్తారు, కాబట్టి మొదటి అడుగు మారదు.

ఇంకో సంగతి. ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు పిల్లల ఎదుగుదలను పరీక్షిస్తాయి, అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. ప్రైవేటు నర్సరీ పిల్లలు ఈ వలలో పడరు. అందుకని మీ అంగన్‌వాడీ టీచర్‌తోనో ఆశా కార్యకర్తతోనో మాట్లాడి పేరు రాయించుకోండి. హిమోగ్లోబిన్ కూడా చూపించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం తక్కువైతే పిల్లలు నీరసంగా, చిరాగ్గా ఉంటారు.

టీవీ, ఫోన్ కలిపి రోజుకు గంట దాటనివ్వకండి. ఆ మిగిలిన టైంలో కండక్టర్ బస్సెక్కండి. వాడు ‘టికెట్’ అనగానే ‘ఎక్కడికి టికెట్? హన్మకొండకు ఒక టికెట్ ఇయ్యి’ అని ఎదురుగా కూర్చుని, ముఖం చూసి చెప్పండి. వాడి ఒక్క మాటకు మీరు ఇంకో రెండు కలిపి తిరిగివ్వండి. ‘ఏదీ, అను, అను’ అని వెంటపడకండి. వినికిడి బాగానే ఉందని తేలినా స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి, రోగం పేరు తేలేదాకా అది ఆగక్కర్లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు టీచర్ ఇచ్చిన షీటు, తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసుకెళ్లండి. వాడు ఇంట్లో ఆడుకునేటప్పుడు తెలియకుండా తీసిన రెండు మూడు నిమిషాల వీడియో కూడా ఉండాలి. క్లినిక్‌లో కొత్త ముఖాలు చూసి నోరు మూసుకునే పిల్లలు ఎక్కువ, మాకు ఆ వీడియోనే ఎక్కువ చెబుతుంది. ఆ రోజు జలుబు ఉంటే అపాయింట్‌మెంట్ మార్చుకోకండి. ఆ స్థితిలో చెవి ఎలా ఉందో చూడటమే మనకు కావాలి, అవసరమైతే తగ్గాక మరోసారి చేస్తారు.