ఒకే రాతప్రతి, మూడు రూపాలు: యువ రచయితకు లేఖ

చిత్తూరు

తమ్ముడూ,

నీ కథల సంపుటి మూడుచోట్ల మూడు రకాలుగా ఉందని రాశావు. తిరుపతిలో ప్రెస్సుకు పీడీఎఫ్, పత్రికకు వర్డ్ ఫైలు, ఫోన్లో చదివేవాళ్లకు ఈపబ్. ప్రెస్సులో పట్టుకున్న అచ్చుతప్పును పీడీఎఫ్‌లో దిద్దించావు, వర్డ్‌లో అది అట్లే ఉండిపోయింది. ఇంక మూడింటినీ దిద్దడం మానెయ్. దిద్దేది ఒక్క మామూలు టెక్స్ట్ ఫైలునే. మిగతా మూడూ దాన్నుంచి కావాల్సినప్పుడల్లా పుట్టించుకుని, పాతవి పారేసేవి. ఆ పని చేసిపెట్టేది పాండాక్. బర్క్‌లీలో తత్వశాస్త్రం చెప్పే జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. టెర్మినల్ అనే నల్ల తెరమీద ఒక వరస కొట్టి ఎంటర్ నొక్కడమే.

వరస ఇట్లా ఉంటుంది: పాండాక్ అని కొట్టి, ఖాళీ వదిలి, నీ ఫైలు పేరు, మళ్లీ ఖాళీ, చిన్నగీత ఓ, ఖాళీ, రావాల్సిన ఫైలు పేరు. ఆ చివరి పేరుకు చుక్క తర్వాత ఉన్న తోక చూసి వర్డ్ కావాలో ఈపబ్ కావాలో అదే తెలుసుకుంటుంది. నేనిక్కడ తెలుగులో రాస్తున్నా గానీ, నువ్వు కొట్టేది చాలావరకు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లోనే. కొన్నిచోట్ల మాత్రం పెద్దబడి కావాలి. ముఖ్యంగా ఫాంటు, పేజీ కొలతల్లాంటివి చెప్పేముందు చిన్నగీత పెట్టి పెద్దబడి 'వి' కొట్టాలి. చిన్నబడి 'వి' కొట్టావంటే తన వెర్షన్ నంబరు చెప్పి ఊరుకుంటుంది. ఫైలు పేర్లలో ఖాళీలు పెట్టకు, ఒక్క పేరును రెండు ఫైళ్లనుకుంటుంది. కథకొక ఫైలు పెట్టుకుంటే 01, 02 అని మొదలుపెట్టు. ఉత్త 1, 2 అని పెడితే ఒకటో కథ పక్కన పదో కథ వచ్చి కూచుంటుంది.

రాతప్రతిలో వాడే గుర్తులు మార్క్‌డౌన్‌వి. శీర్షిక, జాబితా లాంటివాటిని మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో చెప్పే పద్ధతి అది. అవి పది నిమిషాల్లో పట్టుబడతాయి. మనబోటి కథలు రాసేవాళ్లను దెబ్బతీసే చోట్లు వేరే ఉన్నాయి. పేరా మొదట్లో నాలుగు ఖాళీలు కొట్టే అలవాటుంటే వెంటనే మానుకో. నాలుగు ఖాళీలతో మొదలైన పేరాను అది ప్రోగ్రాం కోడ్ అనుకుని వేరే ఫాంటులో వేస్తుంది. ఆ ఫాంటులో తెలుగు ఉండదు, కాబట్టి పేరా మొత్తం డబ్బాలుగానో, తెల్ల కాగితంగానో వస్తుంది. సంభాషణను చిన్నగీత, ఖాళీతో మొదలుపెడితే మాటలన్నీ చుక్కల జాబితా అయిపోతాయి. పొడవు గీత పెట్టు, లేదా కొటేషన్లు వాడు. పేరాను '1996. చంద్రగిరిలో వాన.' అని మొదలుపెట్టావనుకో, అంకె పక్కన చుక్క చూసి దాన్ని జాబితాలో 1996వ అంశంగా లెక్కగడుతుంది. చుక్కకు ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెడితే సరి. కథ మధ్యలో పాటగానీ పద్యంగానీ వస్తే పాదాలన్నీ కలిపి ఒకే పేరా చేసేస్తుంది. ప్రతి పాదానికీ ముందు నిలువు గీత, ఒక ఖాళీ పెట్టు, పాదాలు ఎక్కడివక్కడ నిలుస్తాయి.

కథ పేరును లావు అక్షరాల్లో పెట్టి వదిలెయ్యకు. వరస మొదట్లో హ్యాష్ గుర్తు, ఖాళీ పెట్టి శీర్షికగా చెప్పు. ఈపబ్‌లో విషయసూచిక దాన్నుంచే పుడుతుంది, కథలు వేరువేరు భాగాలుగా తెగేదీ అక్కడే. ఈపబ్‌కు ఇంకొకటి కూడా కావాలి, ఫైలు పైన భాష 'టీ ఈ' (తెలుగుకు గుర్తు) అని రాయడం. రాయకపోతే చదివే యంత్రం నీ పుస్తకాన్ని ఇంగ్లీషనుకోవచ్చు.

అసలు పేచీ అంతా పీడీఎఫ్‌తోనే. పాండాక్ తనంతట తాను పీడీఎఫ్ చెయ్యదు, వెనక టెక్ లైవ్, మిక్‌టెక్ లాంటి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండాలి. మామూలుగా అది పిలిచేది పీడీఎఫ్‌లేటెక్ అనే ఇంజిన్‌ను, దానికి తెలుగు రాదు. మొదటి 'త' దగ్గరే ఈ యూనికోడ్ అక్షరం నాకు తెలియదని ఆగిపోతుంది. (యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి నంబర్ల పట్టిక.) అందుకని రెండు చిన్నగీతలు పెట్టి పీడీఎఫ్ ఇంజిన్ జీలేటెక్ (--pdf-engine=xelatex) అని చెప్పాలి. అది చెప్పి ఫాంటు చెప్పకపోతే ఇంకా మోసం: పని పూర్తయినట్టే ఉంటుంది, ఫైలూ పుడుతుంది, లోపల తెలుగు ఉండదు. తెరమీద 'మిస్సింగ్ క్యారెక్టర్' అని హెచ్చరికలు వస్తాయి. ఎర్రగా లేవు కదా అని దాటెయ్యకు.

కాబట్టి మెయిన్‌ఫాంట్ అని ఫాంటు పేరు ఇవ్వు. ఫైలు పేరు కాదు, ఫాంటు అసలు పేరు. అందులో ఖాళీలుంటే కొటేషన్లలో పెట్టు. దాంతోపాటు మెయిన్‌ఫాంట్‌ఆప్షన్స్ కింద స్క్రిప్ట్ తెలుగు (Script=Telugu, ఎస్, టీ పెద్దబడి) అని కూడా చెప్పు. అది లేకపోతే ఒత్తులు విడిపోయే ప్రమాదముంది. ఫాంటును పుస్తకం మొత్తంమీద కాకుండా ఒక్క వరసమీద పరీక్షించు. ఆ వరసకు మన చుట్టుపక్కల పేర్లు చాలు: స్వర్ణముఖి, శ్రీకాళహస్తి, కపిలతీర్థం, కార్వేటినగరం, బస్‌స్టాండు. 'తీర్థం'లో ర కింద థ ఒత్తు కూచోకుండా పక్కన పొల్లుతో నిలబడితే స్క్రిప్ట్ మాట దానికి చేరలేదన్నమాట. 'బస్‌స్టాండు'లో స పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే అక్షరం ఉంది. దాన్ని పాండాక్ చెడపదు. అనవసర గుర్తులు తీసేస్తానని చెప్పే టూల్స్‌తో మనమే పోగొట్టుకుంటాం, అప్పుడది 'బస్స్టాండు' అయి కూచుంటుంది. అచ్చుకైతే మండలి, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు మూడూ వేసి చూసుకో. అక్షరం సైజు 12 పాయింట్లు, లైన్‌స్ట్రెచ్ (వరసల మధ్య ఎడం) 1.25 దగ్గర మొదలుపెట్టు. ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయే ఎడం మనకు చాలదు, పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. 13 పాయింట్లు కావాలని కొట్టినా మామూలు క్లాసులు (పుస్తకం అమరికను నిర్ణయించే నమూనాలు) పట్టించుకోవు. వాటికి తెలిసినవి 10, 11, 12 మాత్రమే.

డెమ్మీ 1/8 పుస్తకమైతే కాగితం 5.5 అంగుళాల వెడల్పు, 8.5 ఎత్తు. ఈ కొలతలు జామెట్రీ కింద ఇవ్వాలి, ఖరారు చేసేముందు ప్రెస్సువాళ్ల ట్రిమ్ కొలత, అంటే కత్తిరించాక మిగిలే పేజీ సైజు, అడుగు. బుక్ అనే క్లాసు వాడితే ప్రతి కథా కుడిపేజీలోనే మొదలవుతుంది. 18 కథల పుస్తకంలో ఎన్ని తెల్లపేజీలు పడతాయో లెక్కేసుకో. నువ్వు డబ్బులిచ్చేది 16 పేజీల ఫారం లెక్కన. క్లాస్‌ఆప్షన్‌లో ఓపెన్‌ఎనీ అని పెడితే ఆ తెల్లపేజీలు పోతాయి.

వర్డ్ ఫైలుకు రిఫరెన్స్ డాక్ అని ఒక నమూనా ఇవ్వచ్చు, పాండాక్ దాని స్టైళ్లు ఎత్తుకుంటుంది, లోపలి మాటలను పట్టించుకోదు. ఆ నమూనాలో ఫాంటు మార్చేటప్పుడు పైనున్న లాటిన్ పెట్టెలో మార్చి ఆగిపోకు, తెలుగు నడిచేది కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ పెట్టెతో. ప్రెస్సుకు మాత్రం వర్డ్ ఇవ్వకు. అక్కడ పేజ్‌మేకర్ నడుస్తుంటే దానికి యూనికోడ్ తెలుగు తెలీదు, మళ్లీ టైపు చేయిస్తారు, మళ్లీ కొత్త తప్పులు.

వెనక్కి వచ్చే దారి ఇంత సుఖంగా ఉండదు. వర్డ్ నుంచి మార్క్‌డౌన్‌కు బాగానే వస్తుంది, రెండు చిన్నగీతలతో ర్యాప్ నన్ అని చెప్తే వరసలను మధ్యలో విరగ్గొట్టదు. అయితే నీ పాత కథలు 'అను' అనే పాతకాలం ఫాంట్లలో ఉంటే వచ్చేది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుట్ట. పాండాక్ తప్పేం లేదు, ఆ ఫైల్లో ఉన్నవే ఆ గుర్తులు, ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేసిందంతే. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులు కంటితో చూసుకుని, తర్వాతే ఇటు రా. పీడీఎఫ్‌ను పాండాక్ అసలు చదవలేదు. అందులోంచి తెలుగు కాపీ చేస్తే గుడులూ ఒత్తులూ తారుమారవుతాయి కూడా. పీడీఎఫ్‌లో ఉండేవి ప్రధానంగా పేజీమీద అమర్చిన రూపాలు, మనం కొట్టిన అక్షరాల వరస కాదు. అందుకే రాతప్రతి పోగొట్టుకుని పీడీఎఫ్ దాచుకోవడం దండగ.

ప్రెస్సుకు పంపేముందు పీడీఎఫ్‌ఫాంట్స్ అనే చిన్న కమాండు నడిపి చూడు. 'ఎంబ్' (ఫాంటు పీడీఎఫ్ లోపలే ఉందా అని చెప్పే గడి) కింద ప్రతి ఫాంటుకూ ఎస్ అని ఉండాలి. ఒక్కదానికి నో ఉన్నా ప్రెస్సు కంప్యూటరు దాని బదులు ఇంకేదో ఫాంటు తగిలించొచ్చు. ముందు ఒక్క కథతో ఇదంతా చేసి, నాలుగు పేజీలు కాగితమ్మీద ప్రింటు తీయించి చూడు. కపిలతీర్థం దగ్గర ఏమైందో నాకు రాయి.

అన్న