మిర్చి ఎగుమతి చేయాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి, మన ఊరి మిర్చిని విదేశాలకు పంపే పని చేపడతానన్నావు. మీ అమ్మ భయపడుతోంది. నాకు మాత్రం సంతోషంగా ఉంది. ముప్పై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, ఇందులో బతుకూ ఉంది, గౌరవమూ ఉంది. కానీ తల్లీ, నీ కాగితాల్లో సగానికి పైగా పేరు, లోగో, వెబ్‌సైటు, ప్రచారం గురించే రాశావు. కళ్లం గురించి ఒక్క వాక్యం లేదు. అది చూసే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

"గుంటూరు కారం ప్రపంచానికంతటికీ తెలుసు" అని రాశావు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన వాళ్లకు తెలుసు. పచ్చడి కలిపిన మొదటి ముద్దకే వాళ్లకు ఇల్లు గుర్తొస్తుంది. వాళ్ల కోసం నడిచే దుకాణాలకు సరుకు పంపడం మంచి పనే, వద్దనను. అయితే ఆ దుకాణాల్లో అరలు కొన్నే, వాటి కోసం పోటీపడేవాళ్లు మాత్రం చాలామంది. అసలు పెద్ద కొనుగోలుదారు ఎవరంటే మన ఊరి పేరు పలకడం కూడా రాని మనిషి. చైనాలో మిర్చి నుంచి ఘాటు తీసే ఫ్యాక్టరీ యజమాని, ఐరోపాలో సాసేజీల తయారీదారు, బ్యాంకాక్‌లో మసాలా ముద్దలు చేసే వ్యాపారి. వాళ్లకు మన గొప్ప చెబితే మర్యాదకు తలూపుతారు. వాళ్లు కొనేది అంకెల్ని.

ఆ అంకెలు రెండు ముందు నేర్చుకో. ఘాటును స్కోవిల్ యూనిట్లలో కొలుస్తారు, 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ మొదలుపెట్టిన లెక్క అది. రంగును అమెరికా సుగంధ ద్రవ్యాల వర్తక సంఘం కొలమానంలో, ఆస్టా అంకెల్లో చెబుతారు. మన మిర్చి రకాల్లో తేజ కాయకు ఘాటు ఎక్కువ, రంగు తక్కువ. బాడిగకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటాదీ రంగు బలమే. మనందరం ఇంట్లో వాడే సన్నాలు తేజకూ బాడిగకూ మధ్యలో ఉంటాయి. ఘాటు కోసం చూసే ఫ్యాక్టరీకి ఎర్రగా నిగనిగలాడే బాడిగ సాంపిల్ పంపితే, నీకు ఏమీ తెలియదని అతనికి ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది. అందుకే ధర చెప్పే ముందు ఒక ప్రశ్న అడుగు: "ఈ కాయతో మీరేం చేస్తారు?" నా మొదటి ఐదేళ్లలో ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. అడిగినప్పటి నుంచీ వాళ్లే నాకు పాఠం చెప్పారు.

ఇక కళ్లం సంగతి. ఇది కాస్త నిదానంగా చదువు.

2006లో ఐరోపాకు ఒక కంటైనర్ పంపాను. ఆ ఏడు కోతల మధ్యలో అకాల వర్షం పడింది. రైతులు ఆదరాబాదరాగా పట్టాలు కప్పారు. మూడు రోజులు అలాగే ఉంచారు. పైకి కాయ ఎర్రగానే ఉంది. ఒక గుప్పెడు తీసి పరీక్ష చేయిస్తే బాగుందని కాగితం వచ్చింది. సరుకు ఎక్కించాను. అక్కడి రేవులో మళ్లీ పరీక్ష చేశారు, అఫ్లాటాక్సిన్ బయటపడింది. తడి కాయలో పట్టే బూజు వదిలే విషం అది. ఐరోపాలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. 5 మైక్రోగ్రాములంటే టన్ను కాయలో 5 మిల్లీగ్రాములు. సరుకు వెనక్కి వచ్చింది. రానుపోను ఓడ కిరాయి, రేవులో సరుకు ఆగినందుకు కట్టే డెమరేజీ, అన్నీ నా నెత్తినే పడ్డాయి. మీ అత్తయ్య నగలు రెండేళ్లు బ్యాంకులో ఉన్నాయి. ఆమె ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా బరువుగా ఉంది.

తప్పెక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. ఈ విషం ఉప్పులా సరుకంతటా కలిసిపోదు. బియ్యంలో రాయిలా ఎక్కడో పది కాయల్లో ఉంటుంది. నేను తీసిన గుప్పెట్లోకి ఆ పది కాయలు రాలేదు, అక్కడి అధికారి తీసిన దాంట్లోకి వచ్చాయి. కాబట్టి సాంపిల్ తీసేటప్పుడు పైనున్న నాలుగు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పి సరిపెట్టకు. లాటు అంతటా, అడుగున ఉన్నవాటి నుంచి కూడా కాస్త కాస్త తీయించు, అంతా కలిపి పొడి చేయించి అప్పుడు ల్యాబుకు పంపు. కేంద్ర ప్రభుత్వ స్పైసెస్ బోర్డు ల్యాబు గుంటూరులోనే ఉంది. ఖర్చవుతుంది. కావాలంటే లోగో ఖర్చు తగ్గించుకో.

కాయ చేతికి తీసుకున్నప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపి చూడు. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. తేమ ఉన్న కాయ మెత్తగా వంగుతుంది, శబ్దం చేయదు. తర్వాత నిలువునా చీల్చి లోపలి పొర చూడు. బయట మెరుస్తున్న కాయలో కూడా గింజల చుట్టూ బూడిద రంగు పొగమంచులాంటిది పట్టి ఉంటుంది కొన్నిసార్లు. తెలిసిన కొనుగోలుదారులు మొదట చేసే పని ఇదే. ఒక పెద్దాయన మన మిర్చి మార్కెట్ యార్డుకు వచ్చినప్పుడు మాటామంతీ లేకుండా వరసగా ముప్పై కాయలు చీల్చి చూశాడు, ఆ తర్వాతే టీ తాగాడు. పద్నాలుగేళ్లుగా ఆయన నా దగ్గరే కొంటున్నాడు.

అందుకే చెబుతున్నాను, నీ మార్కెటింగ్ డబ్బులో మొదటి రూపాయి రైతుకు పెట్టు. మంచి పట్టాలు కొనిచ్చి, నేల మీద కాకుండా వాటి మీదే ఆరబెట్టమను. సాయంత్రం కుప్పచేసి మంచు పడకుండా కప్పి, పొద్దున్నే మళ్లీ విప్పి పరచమను. రంగు పోయిన తాలు కాయ అక్కడే ఏరించు. అలా చేసినవాళ్లకు క్వింటాలుకు యార్డు ధర మీద కొంత ఎక్కువ ఇవ్వు, ఇస్తానన్న మాట నిలబెట్టుకో. 2025లో ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది కదా. అలాంటి ఏడాదిలో నువ్వు ముఖం చాటేస్తే, మరుసటి ఏడు ధర పెరిగినప్పుడు నీకు కాయ ఇచ్చేవాడు ఉండడు.

పురుగు మందుల విషయం కూడా కళ్లం ముందటి సంగతే. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలను ఊడ్చేసినప్పుడు రైతులు ఎవరేది చెబితే అది కొట్టారు. వాళ్లను తప్పుపట్టలేను, కళ్ల ముందే పంట పోతోంది. కానీ ఐరోపాలో ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. జపాన్ కూడా 2006 నుంచి అదే పద్ధతి పెట్టింది. ఏ మందు ఏ తేదీన కొట్టారో రాసే పుస్తకం ప్రతి రైతు దగ్గరా పెట్టు. మొదటి ఏడు నువ్వే వెళ్లి రాసుకో.

ఒకే సరుకుకు ఒక్కో దేశంలో ఒక్కో చట్టం అని చెప్పడానికి ఇంకో సంగతి. సూక్ష్మజీవులను చంపడానికి మసాలాలకు ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు పట్టిస్తారు. అమెరికా దాని అవశేషం 7 పీపీఎం వరకు, అంటే కిలోకు 7 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటుంది, ఐరోపాలో 0.1 దాటితే ఆపేస్తారు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్‌లలో మన దేశపు మసాలా పొడులు ఆగిపోయింది దీనివల్లే. అమెరికాకు తయారుచేసిన లాటును మిగిలిందని ఐరోపాకు పంపాలని ఎప్పుడూ అనుకోకు. ఆవిరితో శుద్ధి చేసే దారి ఉంది, ఖర్చు కొంచెం ఎక్కువ.

నీ ప్రణాళికలో కారం పొడే ముఖ్యమని ఉంది. నా అభిప్రాయం వేరు. మొదటి రెండేళ్లు తొడిమ తీసిన కాయే పంపు. కాయను కళ్లతో చూడవచ్చు, పొడిని నమ్మాలి. కొత్తగా వచ్చినదాన్ని ఎవరు నమ్ముతారు? 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంతో చేసిన సరుకులో సూడాన్-1 అనే రంగు ఉందని ఫ్రాన్స్ బయటపెట్టింది. మైనానికీ బూట్ల పాలిష్‌కూ వాడే రంగు అది. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో అదే దొరికి, వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల అరల నుంచి తీసేశారు. ఎవరో కొందరు రంగు కలిపితే ఎన్నడూ కలపని మేము ఏళ్ల తరబడి సంజాయిషీ చెప్పుకున్నాం. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. పొడి తప్పకుండా చేద్దువుగాని, నీ కాయను నమ్మిన కొనుగోలుదారు ఒకరు అడిగిన రోజున.

కాగితాల సంగతి పెద్ద కష్టం కాదు. ఎగుమతి కోడ్, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఆహార భద్రత లైసెన్సు, ప్రతి సరుకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం. మన ఏజెంటు ఇవన్నీ దగ్గరుండి చేయిస్తాడు.

డబ్బు రాబట్టుకోవడం మాత్రం ఎవరికీ అప్పజెప్పకు. కొత్తవారితో కొంత అడ్వాన్సు లేదా లెటర్ ఆఫ్ క్రెడిట్ (డబ్బు చెల్లిస్తామని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ) లేకుండా సరుకు కదిలించవద్దు. ఆ లెటర్ ఉన్నా నిశ్చింత పనికిరాదు, ఎందుకంటే బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. ఇన్‌వాయిస్‌లో కొనుగోలుదారు పేరులో ఒక్క అక్షరం తేడా పడి నా డబ్బు నెల రోజులు ఆగిన సందర్భం ఉంది. డబ్బుకు హామీ దొరికేదాకా ఓడ పత్రాల అసలు ప్రతులు అతని చేతికి వెళ్లకూడదు. కొనుగోలుదారు మంచివాడైతే చాలదు, అతని దేశం పరిస్థితి కూడా చూడు. 2022లో శ్రీలంకలో డాలర్లు అయిపోయాయి. నా పాత కొనుగోలుదారు నిజాయితీపరుడు, రూపాయలు చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు, పంపే దారి లేదు. అప్పుడు నన్ను కాపాడింది ఎగుమతి రుణ బీమానే. 1957 నుంచి ఉన్న ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ ఆ బీమా ఇస్తుంది. మొదటి కంటైనర్ నుంచే తీసుకో.

కంటైనర్ అంటే గుర్తొచ్చింది. పగలు ఎండకు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు ఇనుప పైకప్పుకు లోపల చెమట పట్టి బొట్లు బొట్లుగా సరుకు మీద పడుతుంది. గోడలకు మందపు కాగితం కట్టించు, తేమ పీల్చే సంచులు వేలాడదీయించు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఐరోపా ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, పది రోజులకు పైగా అదనం. ఇక్కడ మూసిన తలుపు అక్కడ ఎప్పుడు తెరుస్తారో ముందే చెప్పలేం. ఎక్కించే రోజున కాయలో తేమ 10 శాతం దాటితే లారీని వెనక్కి పంపు, ఎంత ఒత్తిడి ఉన్నా సరే.

దుబాయ్‌లో జరిగే గల్ఫుడ్ ఆహార ప్రదర్శనలో స్టాలు తీసుకుంటానన్నావు. ఈసారికి వద్దు. టికెట్ కొనుక్కుని వెళ్లు, మూడు రోజులు నడువు, మన దేశం వాళ్ల స్టాళ్ల దగ్గర విదేశీయులు ఏం అడుగుతున్నారో పక్కన నిలబడి విను. సాయంత్రాలు అక్కడి సూపర్‌మార్కెట్‌లకు వెళ్లి కారం ప్యాకెట్ల వెనకవైపు చదువు. ఎవరు దిగుమతి చేసుకున్నారో దాని మీదే ఉంటుంది. నా పెద్ద కొనుగోలుదారుల్లో ఇద్దరు నాకు అలా దొరికినవాళ్లే.

ధర తగ్గించి మొదటి ఆర్డరు తెచ్చుకోవాలని అనిపిస్తుంది. నాకూ అనిపించింది, తగ్గించాను కూడా. ఆ ధర దగ్గరి నుంచి పైకి రావడానికి నాలుగేళ్లు పట్టింది.

కొత్త కాయ యార్డుకు రావడం మొదలవగానే ఫోను చేస్తాను. ముందు రోజు రాత్రికే గుంటూరు వచ్చెయ్యి. తెల్లవారేసరికి యార్డులో ఉండాలి. ముక్కుకు కట్టుకోవడానికి మెత్తటి నూలు గుడ్డ తెచ్చుకో, ఆ ఘాటుకు పలచటి మాస్కు ఆగదు. మధ్యాహ్నం మన ఊరి కళ్లాలకు వెళదాం. అక్కడ తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర గంటసేపు కూర్చుని నువ్వూ తీయి. ఏ రైతు కాయ ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలరు వాళ్లు. ఎవరి దగ్గర కొనాలో ముందు వాళ్లను అడుగు, తర్వాత నన్ను అడుగు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
మామయ్య