అయోర్టా ఆపరేషన్‌లో రక్తప్రసరణ ఆపేస్తారట, మరి మెదడు సంగతేంటి?

నాన్నగారికి అయోర్టా (గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) ఆర్చ్, అంటే అది పైన వంపు తిరిగే చోటు, ఉబ్బిందని, ఆపరేషన్‌లో కాసేపు రక్తప్రసరణ ఆపేస్తామని డాక్టరుగారు చెప్పినప్పటినుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. నేను చెన్నైలో పెర్ఫ్యూజనిస్ట్‌ని, అంటే ఆపరేషన్ జరిగేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషిన్ నడిపేవాణ్ణి. సొంతూరు నెల్లూరు. మన వైపు నుంచి వచ్చే వాళ్లందరూ నన్ను అడిగేది ఇదే.

మెదడుకి వెళ్లే నాళాలు ఆర్చ్ మీంచే బయల్దేరతాయి. అక్కడ ఉబ్బిన భాగం బదులు కొత్త గొట్టం కుట్టాలంటే మామూలు దారి మూయక తప్పదు. అందుకే ముందు మెషిన్‌లో రక్తాన్ని చల్లబరుస్తాం. ఒకప్పుడు 18 డిగ్రీల దాకా వెళ్లేవాళ్లు, ఇప్పుడు చాలా చోట్ల 24-28 చాలంటున్నారు. చల్లబడిన మెదడుకి ఆక్సిజన్ తక్కువ సరిపోతుంది. తర్వాత ఒంటికి ఆపేసినా, ఎక్కువ కేసుల్లో కుడి భుజం దగ్గరి నాళంలోంచి మెదడుకి మాత్రం రక్తం పంపుతూనే ఉంటాం. కిలో బరువుకి నిమిషానికి సుమారు 10 మి.లీ., అంటే 70 కిలోల మనిషికి 700. కొద్ది నిమిషాలు అదీ ఆపాల్సిన కేసులు ఉంటాయి, మీ సర్జన్‌ని అడగండి.

ఆ రక్తం అందుతోందో లేదో తెలియడానికి నుదుటికి రెండు పక్కలా స్టిక్కర్లు అంటిస్తారు. అవి కంటికి కనపడని కాంతిని లోపలికి పంపి, అక్కడి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకెల్లో చూపిస్తాయి. మత్తుకి ముందున్న అంకె కన్నా 20 శాతం పడితే అందరం అప్రమత్తమవుతాం.

ఒకసారి శ్రీకాళహస్తి వైపు పెద్దాయనకి మొదట్లోనే అంకె పిచ్చిగా ఊగింది. తీరా చూస్తే ఇంటివాళ్లు పూసిన విభూతి మీదే స్టిక్కర్ అంటించాం! తుడవాల్సింది మేమే, తప్పు మాదే.

ఇంకో కేసులో నిజంగానే పడింది. ఎడమ పక్క 66 నుంచి 48కి. మెడ పక్కకి తిరిగిందా, ట్యూబు మడత పడిందా చూశాం, ప్రెషర్ పెంచాం, మెదడు నాళాలు విప్పారాలని కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరగనిచ్చాం. లాభం లేదు. కుడి నుంచి ఎడమకి రక్తం దాటే వలయం ఒకటి మెదడు అడుగున ఉంటుంది, అది అందరికీ పూర్తిగా ఉండదు. సర్జన్‌గారు మెడలోని ఎడమ నాళంలోకి కూడా సన్నటి గొట్టం పెట్టారు. రెండు నిమిషాల్లో అంకె లేచింది. మర్నాడు ఆయన రెండు చేతులూ కదిపేదాకా నాకు మాత్రం అన్నం సయించలేదు.

అయితే ఆ స్టిక్కర్ చూసేది నుదుటి వెనక కొద్ది భాగమే. అయోర్టా గోడ నుంచి చిన్న కొవ్వు ముక్కో, సున్నం ముక్కో ఊడి పైకి వెళ్తే అంకెలో కనపడకపోవచ్చు. అందుకే స్ట్రోక్ రిస్క్ సున్నా అని ఎవరూ చెప్పరు.

గొట్టం కుట్టడం అయ్యాక కూడా చాలాసేపు బయటికి తీసుకురాకపోతే కంగారు పడకండి. తొందరగా వేడి చేస్తే మెదడుకే చేటు, అందుకే మెల్లగా చేస్తాం, రక్తాన్ని 37 దాటనివ్వం.

మెడ నాళాల స్కాన్ చూశారా, మెదడుకి రక్తం పంపే గొట్టం ఒక పక్కేనా రెండు పక్కలా అని అడగండి. నాన్నగారికి ఎప్పుడైనా, ఒక్క ఐదు నిమిషాలైనా సరే, మాట తడబడటమో చేయి పట్టు తప్పడమో జరిగి ఉంటే మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పండి. విభూతి ఆపరేషన్ అయ్యాక పెట్టొచ్చు.