డాక్టర్ సలహా: షుగర్ ఉన్న అమ్మ పంప్‌కిన్ పై తినొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మకు 62 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతోంది. ఈసారి థ్యాంక్స్‌గివింగ్‌కి (నవంబర్‌లో వచ్చే అమెరికా పండుగ) మా దగ్గరే ఉంటుంది. పిల్లలు పంప్‌కిన్ పై (మైదా పొరలో తీపి గుమ్మడి గుజ్జు పోసి బేక్ చేసేది) చేయమంటున్నారు. ‘గుమ్మడికాయే తీపి, నాకొద్దు’ అంటోంది అమ్మ. పంచదార బదులు బెల్లం వేస్తే తినొచ్చా?

జవాబు: అమ్మగారు తినొచ్చమ్మా, కానీ బెల్లం వేసి కాదు. బెల్లం, బ్రౌన్ షుగర్, తేనె ఏది వేసినా రక్తంలో గ్లూకోజ్ దాదాపు పంచదారతో పెరిగినంతా పెరుగుతుంది. ‘బెల్లమే కదా’ అని ఇంకో ముక్క తినేవాళ్లను నేను తరచూ చూస్తుంటాను.

ఇక గుమ్మడికాయ గురించి అమ్మగారి భయం పోగొట్టండి. తీపి గుమ్మడి అంటే మనకు బెల్లం వేసిన పులుసే గుర్తొస్తుంది. నిజానికి అరకప్పు గుజ్జులో పిండిపదార్థాలు సుమారు 10 గ్రాములే, అందులోనూ మూడు గ్రాముల దాకా పీచు ఉంటుంది. పంప్‌కిన్ పైలో ఇబ్బందల్లా పంచదార, మైదా పొరలతోనే. మామూలుగా ఒక పంప్‌కిన్ పైకి ముప్పావు కప్పు, అంటే 150 గ్రాముల పంచదార పోస్తారు. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో 40 గ్రాముల దాకా పిండిపదార్థాలు, 300 క్యాలరీలు ఉంటాయి. ఇంచుమించు కప్పు అన్నం తిన్నట్టే.

అందుకే మైదా పొర మానేసి, చిన్న కప్పుల్లో కస్టర్డ్‌లా బేక్ చేయండి. 15 ఔన్సుల గుమ్మడి గుజ్జు డబ్బా ఒకటి, వెన్న తక్కువున్న పాలు ఒక కప్పు, గుడ్లు మూడు, పంచదార రెండు టేబుల్ స్పూన్లు తీసుకోండి. మిగతా తీపికి షుగర్ పెంచని తీపి పొడులైన స్టీవియా గానీ సుక్రలోజ్ గానీ ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో వేయండి. అలాంటిదే అయినా ఆస్పర్టేమ్ వద్దు, వేడికి దాని తీపి తగ్గిపోతుంది. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ ధారాళంగా పడితే తీపి తక్కువైన సంగతి పిల్లలకు కూడా తెలియదు. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నలభై నిమిషాలు ఉంచి, చాకు గుచ్చి చూడండి. తడి అంటకపోతే అయినట్టే. ఎనిమిది కప్పులు చేస్తే ఒక్కోదానిలో పిండిపదార్థాలు సుమారు 10 గ్రాములు ఉంటాయి. పైన వేయించిన పీకన్ పలుకులు నాలుగు చల్లండి.

డబ్బా కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ‘పంప్‌కిన్ పై మిక్స్’ అని ఉంటే అందులో పంచదార ముందే కలిపేసి ఉంటుంది. మీకు కావలసిన డబ్బాలో పంప్‌కిన్ తప్ప వేరే ఏదీ ఉండకూడదు. కండెన్స్‌డ్ మిల్క్ జోలికి అసలు వెళ్లొద్దు.

నాకు ఈ తీపికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆ రోజు భోజనం వేళ. చాలా ఇళ్లలో థ్యాంక్స్‌గివింగ్ విందు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు మొదలవుతుంది. ‘సాయంత్రం ఎలాగూ ఎక్కువ తింటాను’ అని అమ్మగారు పొద్దున టిఫిన్ మానేసి, గ్లిమెపిరైడ్ మాత్రం వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. రోజూలాగే టిఫిన్ పెట్టండి, మధ్యలో ఏదైనా కాస్త తినిపించండి. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే మీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే అరకప్పు పండ్లరసం గానీ, మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు గానీ తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. అప్పుడు ఈ కస్టర్డ్ పనికిరాదు. స్టీవియాతో షుగర్ పెరగదు.

విందులో మ్యాష్‌డ్ పొటాటో, స్టఫింగ్ (బ్రెడ్ ముక్కలతో చేసేది), బ్రెడ్ అన్నీ పిండిపదార్థాలే. వాటిలో ఒక్కటే కాస్త వడ్డించి, కస్టర్డ్ కప్పు చివర్లో ఇవ్వండి. అందరితో పాటే కూర్చోబెట్టి ఇవ్వండి. వేరుగా కూర్చున్నవాళ్లకు తర్వాత వంటింట్లో ఒంటరిగా తినాలనిపిస్తుంది. కిడ్నీ సమస్య ఉండి పొటాషియం తగ్గించమని చెప్పి ఉంటే, గుమ్మడి తినే ముందు ఆమె డాక్టర్‌ని అడగండి.

భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు మీటర్‌తో చూడండి. 180 లోపుంటే మిగిలిన కప్పుల్లో ఒకటి మర్నాడు కూడా ఇవ్వొచ్చు. దాటితే మర్నాడు తీపి ఆపేసి, ఆ అంకె రాసిపెట్టండి. ఇండియాకు వెళ్లాక ఆమె డాక్టర్‌కి చూపించవచ్చు.