ఐటీ ఆపరేషన్స్‌లోకి ఏఐ వస్తుంటే, అందులో ఉద్యోగం తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక పెద్ద సంస్థ తన ఐటీ ఆపరేషన్స్ విభాగంలో ట్రైనీగా తీసుకుంటామని చెప్పింది. ఆ విభాగంలో కృత్రిమ మేధను దశలవారీగా ప్రవేశపెట్టడానికి ప్రణాళిక వేస్తున్న బృందంలో ఆమె పని చేయాలట. సర్వర్లు చూసుకునే పనంతా రేపు ఏఐ చేసేస్తుందని అందరూ అంటుంటే, దాన్ని తీసుకొచ్చే పనిలోనే చేరడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే కదా అని నా భయం. డెవలపర్ ఉద్యోగం వచ్చేదాకా ఆగమని చెప్పనా? — ఒక తండ్రి

జవాబు: చేరమనే చెప్పండి. అయితే ఆ బృందం నిజంగా ఏం చేస్తుందో ముందుగా కనుక్కోవాలి. ఏమేం అడగాలో చివర్లో రాశాను.

మీ భయంలో నిజం లేకపోలేదు. ఐటీ ఆపరేషన్స్ అంటే ఒక సంస్థ వాడే సర్వర్లు, నెట్‌వర్కులు, డేటాబేస్‌లు, క్లౌడ్ సేవలు ఆగిపోకుండా చూసుకునే విభాగం. అందులో తొలి అంచెను ఎల్1 అంటారు. తెర మీద అలర్ట్ రాగానే టికెట్ తెరవడం, రన్‌బుక్‌లో రాసి ఉన్న మెట్లను వరుసగా అమలు చేయడం, అప్పటికీ తేలకపోతే పై అంచె అయిన ఎల్2కి పంపడం ఈ అంచెలోని పని. ఈ పని తగ్గుతున్న మాట వాస్తవమే. ఒకే లోపం వల్ల పుట్టిన వందల అలర్టులను ఒకచోట చేర్చడం, టికెట్‌ను తగిన బృందానికి మళ్లించడం, పాస్‌వర్డ్ మార్చి ఇవ్వడం, డిస్క్ నిండితే పాత లాగ్‌లను (యంత్రాలు తమలో జరిగినదాన్ని నమోదు చేసే ఫైళ్లను) తీసేయడం వంటివాటికి మనిషి అవసరం తగ్గిపోయింది. వీటిలో చాలా భాగం మామూలు స్క్రిప్టులతోనే జరుగుతోంది. ఐటీ ఆపరేషన్స్‌లో ఏఐ వాడకానికి ఏఐఆప్స్ అన్న పేరును గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ 2016లో ప్రచారంలోకి తేవడానికి చాలా ముందే ఈ మార్పు మొదలైంది. మీ అమ్మాయికి వచ్చినది ఎల్1 ఉద్యోగం మాత్రమే అయితే నా సలహా మరోలా ఉండేది.

ఆమెకు వచ్చినది అది కాదు. ఏ నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించాలి, ఏ రుజువు చూసి అప్పగించాలి, తేడా వస్తే దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలి అన్నవి తేల్చడమే ప్రణాళిక బృందం పని. ఈ నేర్పు ఆపరేషన్స్ లోపల ఉండి నేర్చుకున్నవారికే వస్తుంది, బయట కోర్సులు చేసినంత మాత్రాన రాదు. అందుకే దీన్ని నేను మంచి అవకాశంగా చూస్తున్నాను.

ఆ పనిలో ఎలాంటి ఆలోచన అవసరమో తెలియడానికి ఒక చిన్న లెక్క చూడండి. ఒక సంస్థలో రోజుకు 10,000 అలర్టులు వస్తాయని, వాటిలో నిజంగా పట్టించుకోవలసినవి 100 మాత్రమేనని అనుకుందాం. ఏఐ సాధనాన్ని అమ్మడానికి వచ్చినవారు, తమ మోడల్ నిజమైన సమస్యల్లో 90 శాతాన్ని పట్టుకుంటుందని, సమస్య కానివాటిలో 95 శాతాన్ని సరిగ్గా పక్కన పెడుతుందని చెబుతారు. వినడానికి అంకెలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ 100లో 90 దొరుకుతాయి, కానీ మిగిలిన 9,900లో 5 శాతం, అంటే 495 వట్టి అలర్టులు కూడా సమస్యలుగానే బయటికి వస్తాయి. మొత్తం 585. వాటిలో నిజమైనవి 15 శాతమే. మనుషులు 10,000కు బదులు 585 చూస్తే సరిపోతుంది కాబట్టి, జల్లెడగా వాడుకుంటే ఈ మోడల్ ఎంతో మేలు చేస్తుంది (జారిపోయిన 10 సమస్యల సంగతి వేరే చూసుకోవాలి). అదే మోడల్‌కు, అలర్ట్ రాగానే సంబంధిత సర్వీస్‌ను దానంతట అదే రీస్టార్ట్ చేసే అధికారం ఇచ్చారనుకోండి, రోజుకు 495 సార్లు బాగా నడుస్తున్న వాటి మీద చేయి వేస్తుంది. మోడల్ మారలేదు, దానికి అప్పగించిన నిర్ణయం మారింది. ఈ తేడాను పసిగట్టి, సమావేశంలో నిలబడి చెప్పగలిగిన మనిషికి కొరత ఉంది.

రెండో సంగతి డేటా. ఈ రంగంలో ఎవరూ ఇష్టపడని పని ఇదే, పనికొచ్చే ప్రణాళికలన్నీ మొదలయ్యేదీ ఇక్కడి నుంచే. ఏ సర్వర్ మీద ఏ అప్లికేషన్ నడుస్తోందో, ఏది దేని మీద ఆధారపడి ఉందో నమోదు చేసే సీఎండీబీ అనే పట్టిక చాలా సంస్థల్లో వాస్తవానికి వెనకబడి ఉంటుంది. రెండేళ్ల క్రితం తీసేసిన సర్వర్ అందులో ఇంకా బతికే ఉంటుంది. పాత టికెట్లు తెరిచి చూస్తే, కారణం అన్న చోట "ఇతరములు" అని, పరిష్కారం అన్న చోట "రీస్టార్ట్ చేశాం, ఇప్పుడు పని చేస్తోంది" అని రాసి మూసేసినవి కుప్పలుగా కనిపిస్తాయి. తెల్లవారుజామున షిఫ్టు దిగిపోయే మనిషి అంతకంటే ఏం రాస్తాడు? అలాంటి టికెట్ల మీద శిక్షణ పొందిన మోడల్ అన్ని రోగాలకూ రీస్టార్టే మందని నేర్చుకుంటుంది. కాబట్టి ప్రణాళికలోని తొలి నెలలు టికెట్ మూసే పద్ధతిని మార్చడానికి, మెట్రిక్‌లనూ (యంత్రాల పనితీరు కొలతలనూ) లాగ్‌లనూ ఒకే కాలమానానికి తీసుకురావడానికి, ప్రస్తుతం సమస్యను గుర్తించడానికి ఎంత సేపు పడుతోంది, సేవను తిరిగి నిలబెట్టడానికి ఎంత సేపు పడుతోంది అని కొలిచి పెట్టుకోవడానికి సరిపోతాయి. ఆ కొలత ముందుగా లేకపోతే, ఏడాది తర్వాత ఏఐ వల్ల మేలు జరిగిందో లేదో ఎవరూ రుజువు చేయలేరు. మీ అమ్మాయికి మొదట ఈ పనే అప్పగిస్తే నిరుత్సాహపడవద్దని చెప్పండి.

ఆ తర్వాత అధికారాన్ని మెట్లమెట్లుగా ఇవ్వడం. మొదట మోడల్ ఏం చేయమంటుందో రాసుకోవడమే తప్ప ఏదీ అమలు చేయరు, ఇంజినీర్ చేసినదానితో దాన్ని పోల్చి చూస్తారు. అది కుదిరాక సలహా చూపిస్తారు, ఆపైన మనిషి ఆమోదిస్తేనే అమలయ్యేలా పెడతారు. చివరి మెట్టులో, తిరిగి సరిచేయగలిగిన చిన్న చర్యలకు మాత్రమే, ఒకేసారి ఎన్ని యంత్రాలను తాకవచ్చో హద్దు పెట్టి, ఎప్పుడైనా ఆపేసే మీటను మనిషి చేతిలో ఉంచి, స్వయంగా చేయనిస్తారు. ఎంత తెగువ చూపవచ్చన్నది సేవ ఇచ్చిన హామీని బట్టి ఉంటుంది. 99.9 శాతం అందుబాటు అని మాట ఇస్తే, 30 రోజుల నెలలో ఆగిపోవడానికి మిగిలేది సుమారు 43 నిమిషాలే. 99.99 అయితే నాలుగు నిమిషాల పైచిలుకు.

ఈ హద్దులు ఎందుకో 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సేవలు దాదాపు ఆరు గంటలు ఆగిపోయిన ఉదంతం చెబుతుంది. నెట్‌వర్క్ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి నిర్వహణ సమయంలో ఇచ్చిన ఒక ఆదేశం డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌నే తెంచేసింది. అలాంటి ఆదేశాలను అడ్డుకోవలసిన తనిఖీ సాధనంలో లోపం ఉండి దాన్ని పోనిచ్చింది. డేటా సెంటర్లు అందడం లేదని గమనించిన డీఎన్‌ఎస్ సర్వర్లు (వెబ్‌సైట్ పేరును దాని చిరునామాగా మార్చి చెప్పేవి), తమకు రాసి పెట్టిన నియమం ప్రకారం, ఇంటర్‌నెట్‌కు తమ దారి ప్రకటించడం మానేశాయి. లోపలి సాధనాలు కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడటంతో ఇంజినీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లి సరిచేయవలసి వచ్చింది. ఇక 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు మొరాయించాయి. ఆ తర్వాతే ఆ సంస్థ అలాంటి అప్‌డేట్లను కూడా విడతలుగా పంపే పద్ధతికి మారింది. ఈ రెండింటిలోనూ ఏఐ పాత్ర లేదు. యంత్రం చేసే తప్పు యంత్రం వేగంతోనే పాకుతుందన్నదే ఇక్కడ గ్రహించవలసింది, ఏఐ వచ్చాక ఆ వేగం తగ్గదు.

సహజ భాషలో మాట్లాడే పెద్ద భాషా మోడళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పొడవాటి లాగ్‌లను కుదించడానికి, సంఘటన తర్వాతి నివేదికకు చిత్తుప్రతి రాయడానికి, పాత రన్‌బుక్‌లలో వెతకడానికి అవి బాగా ఉపయోగపడతాయి. అయితే లేని కమాండ్ ఆప్షన్‌ను ఉన్నట్టే ధీమాగా రాసేస్తాయి. లాగ్‌లలో వినియోగదారుల వివరాలు, పాస్‌వర్డులు దొర్లి ఉండవచ్చు. మోడల్‌ను దారి తప్పించడానికి బయటివారు కావాలని చొప్పించిన ఆదేశాలు కూడా ఉండవచ్చు. వాటిని మోడల్‌కు ఇచ్చే ముందు ఏం తొలగించాలో నిర్ణయించడం కూడా ఈ ప్రణాళికలో భాగమే.

ఇక కొమ్మ సంగతి. ఎల్1 పనిని యంత్రానికి ఇచ్చేస్తే, రేపటి ఎల్2, ఎల్3 ఇంజినీర్లు ఎక్కడ తయారవుతారు? లిసాన్ బేన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే ఈ చిక్కును ఎత్తిచూపారు: సులువైన పనిని యంత్రానికి ఇచ్చి కఠినమైనదాన్ని మనిషికి మిగిల్చినప్పుడు, ఆ కఠినమైన ఘడియకు కావలసిన అభ్యాసం మనిషికి లేకుండా పోతుంది. చాలా ప్రణాళికల్లో దీనికి జవాబు ఉండదు. నా దృష్టిలో అదే వాటి పెద్ద లోటు, మీ అమ్మాయి జాగ్రత్తపడవలసిందీ ఇక్కడే. స్లైడ్లు తయారుచేసే ప్రణాళికకర్తగా మిగిలిపోతే మాత్రం మీ భయం నిజమవుతుంది. తొలి ఏడాదిలో కొంతకాలమైనా ఆన్‌కాల్ బాధ్యత (ఏ వేళ సమస్య వచ్చినా పిలుపు అందుకుని స్పందించే వంతు) తీసుకుని, సీనియర్ల పక్కన కూర్చుని నిజమైన అంతరాయాలను విప్పడం నేర్చుకోవాలి. రాత్రి షిఫ్టులు పడవచ్చు, దానికి మీరు కూడా సిద్ధపడాలి.

డెవలపర్ ఉద్యోగం కోసం ఆగడం వల్ల మీరు కోరుకునే భద్రత దొరకదు. కోడ్ రాసే ఏఐ సాధనాలు అక్కడి తొలి మెట్టును కూడా కదిలిస్తున్నాయి. పైగా ఈ రెండు దారులూ మునుపటంత దూరంగా లేవు. ఆపరేషన్స్‌ను సాఫ్ట్‌వేర్ సమస్యగా చూసి గూగుల్‌లో బెన్ ట్రెయినర్ స్లాస్ 2003లో మొదలుపెట్టిన సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్‌లో కోడ్ రాయడం రోజువారీ పనే. ఇక్కడి అనుభవంతో అటు వెళ్లవచ్చు, ప్లాట్‌ఫాం ఇంజినీరింగ్‌కో భద్రతా విభాగానికో మారవచ్చు.

చేరేలోపు ఉన్న సమయంలో లినక్స్, నెట్‌వర్కింగ్, పైథాన్ గట్టిచేసుకోమనండి, ఈ వరుసలోనే. ఆ తర్వాత తన ల్యాప్‌టాప్‌లోనే ఒక చిన్న వెబ్ సర్వీస్‌ను నడిపి, ప్రొమీథియస్‌తో దాన్ని కొలిచి, ఓపెన్‌టెలిమెట్రీతో దాని ట్రేస్‌లు (ఒక్కో అభ్యర్థన ఏ దారిలో వెళ్లిందో చెప్పే నమోదులు) సేకరించి, కావాలని చెడగొట్టి, ఏ అలర్ట్ ముందు మోగిందో, ఏది మోగలేదో రాసుకోవాలి. ఈ రెండూ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాధనాలే. గణాంక శాస్త్రంలో పైన చూపిన లెక్క లాంటివి చేయగలిగితే మొదటి ఏడాదికి చాలు. డీప్ లెర్నింగ్ కోర్సులకు ఇప్పుడే డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. ఐటీ సేవల నిర్వహణకు వాడే ఐటిల్ పద్ధతుల పరిభాష తెలిసి ఉంటే సమావేశాల్లో మాటలు అర్థమవుతాయి, సర్టిఫికెట్ మాత్రం సంస్థ ఖర్చు భరిస్తే చేయవచ్చు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2023 జనవరిలో విడుదల చేసిన ఏఐ రిస్క్ నిర్వహణ చట్రం ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ఒకసారి శ్రద్ధగా చదివితే ప్రణాళిక బృందంలో మొదటి రోజు నుంచే పనికొస్తుంది.

ఉద్యోగానికి ఒప్పుకునే ముందు ఆమె అడగవలసినవి ఇవి. ఈ బృందానికి జవాబుదారీ ఎవరు, ఆపరేషన్స్ అధిపతా లేక సాధనాలు కొనే విభాగమా? ఏ ఒక్క సమస్యతో మొదలుపెడుతున్నారు? దాని ప్రస్తుత కొలత ఎంత? మోడల్ తప్పు చేస్తే ఆపే అధికారం ఎవరికి ఉంది, రాత్రి రెండు గంటలకు కూడా ఉందా? ట్రైనీలకు ఆన్‌కాల్‌లో చోటు ఉందా? ఎల్1 సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చి వేరే పనుల్లోకి తీసుకునే ఆలోచన ఉందా? చివరి ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టి, నాలుగేళ్ల తర్వాత ఈమెను ఎలా చూసుకుంటారో కూడా అర్థమవుతుంది. అన్నిటికీ సిద్ధమైన సమాధానాలు ఉండకపోవచ్చు, కొత్త పనిలో అది సహజం. కానీ మొదలుపెట్టే సమస్య ఏదో కూడా చెప్పలేక, సాధనం కొనేశామని మాత్రమే చెబితే ఆన్‌కాల్ షరతును ఆఫర్ లెటర్‌లో రాయించుకుని చేరమనండి. దానికి వారు ఒప్పుకోకపోతే ఈ ఒక్క అవకాశాన్ని వదులుకుని, ఆపరేషన్స్‌లోనే మరో సంస్థను వెతుక్కోవడం మంచిది.