అచ్చుపని నుంచి వెబ్ పనిలోకి వచ్చిన మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. పెళ్లిపత్రికల్లో, ఫ్లెక్సీల్లో, పుస్తకాల అట్టల్లో చేయి తిరిగిన నీకు మంగళగిరి చీరలు అమ్మే దుకాణం వారు తమ వెబ్‌సైటు రూపకల్పన అప్పగించారని, తెరల నమూనాలు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లో నువ్వు గీసిన దానికీ కోడ్ రాసే అబ్బాయి తయారుచేసిన పేజీకీ పోలికే లేకుండా పోయిందని రాశావు. పొరపాటు ఎవరిదని కూడా అడిగావు. నీ ఫైలు తెరిచి చూశాక నాకు తోచింది చెబుతాను.

360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెర గీసి, రెండు వైపులా 16 పిక్సెళ్లు వదిలి, చీర వివరాల పెట్టెను మధ్యలో పెట్టావు. కోడ్ రాసేవారు కొలతలు చూసుకోవడానికి ఫిగ్మాలో 2023లో వచ్చిన డెవ్ మోడ్‌లో ఆ పెట్టెను నొక్కితే వెడల్పు 328 అని కనబడుతుంది. ఆ అబ్బాయి ఆ అంకెనే కోడ్‌లో రాశాడు. 412 పిక్సెళ్ల ఫోన్‌లో అదే పేజీ తెరిస్తే పెట్టె ఎడమవైపు నిలిచిపోయి, కుడివైపు 68 పిక్సెళ్ల ఖాళీ మిగిలింది. నీ మనసులో ఉన్న నియమం ‘అంచుల్లో 16 వదలాలి, మిగిలిన వెడల్పంతా పెట్టె ఆక్రమించాలి’ అన్నది. ఫైలులోంచి అతనికి అందింది ఆ నియమం వల్ల ఒక్క ఫోన్‌లో వచ్చిన ఫలితం మాత్రమే. ఏ4 కాగితం ఎవరి చేతికి వెళ్లినా 210 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది కనుక అచ్చులో ఫలితాన్ని ఇస్తే చాలు. తెర వెడల్పు, చదివేవారు పెట్టుకున్న అక్షరాల సైజు, దుకాణం వారు రేపు మార్చబోయే మాటలు ఏవీ నీ చేతిలో లేని వెబ్‌లో నియమాన్ని ఇవ్వాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా, ఆ నియమాలను ఆలోచించడం, రాసి ఇవ్వడం ఎలాగన్న దాని గురించే.

మొదట ఫిగ్మా తెరవకు. దుకాణం వారి దగ్గర కూర్చుని అసలు మాటలన్నీ రాయించుకో: చీరల పేర్లు, నేత రకం, వెల, ఉతికే పద్ధతి, డెలివరీ షరతులు. నమూనా కోసం ‘చీర పేరు’ అని రెండు మాటలు పెట్టి గీసిన పెట్టెలో ‘మంగళగిరి పట్టు చీర, నిజాం అంచు, ముదురాకుపచ్చ, జాకెట్టు ముక్కతో’ అన్న అసలు పేరు వచ్చి కూర్చోగానే ఒక్క వరుస కాస్తా మూడవుతుంది, వెల కిందికి జారుతుంది, పక్క పెట్టెతో ఎత్తు కలవదు. అందువల్ల అన్నిటికన్నా పొడవైన పేరునూ, అన్నిటికన్నా పొట్టి పేరునూ ముందు పెట్టుకునే గీయి. ఆ పెట్టెనే మరికొన్ని స్థితుల్లోనూ గీసి చూపించాలి. ఫొటో ఇంకా రాని చీర ఎలా కనబడాలి, అమ్ముడైపోయిన చీర పెట్టె ఎలా మారాలి, తగ్గించిన ధర పక్కన పాత ధర ఎక్కడ ఉండాలి, వేలితో నొక్కినప్పుడు ఏం జరగాలి అన్న ప్రశ్నలకు నువ్వు జవాబు ఇవ్వకపోతే కోడ్ రాసేవాడు తనకు తోచిన జవాబు ఇచ్చేస్తాడు, ఇచ్చి తీరాలి కూడా, ఎందుకంటే అతని పని అక్కడ ఆగిపోతుంది.

ఇక తెలుగు అక్షరాల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను, ఎందుకంటే మన సైట్లలో ఎక్కువ దెబ్బ తినేది ఇక్కడే. అచ్చుపనికి వాడే అను ఫాంట్లలో టైప్ చేసిన పాత మ్యాటర్‌ను నేరుగా పేజీలో పెడితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు వస్తుంది. దాన్ని తప్పకుండా ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ఒకసారి ప్రూఫ్ చదివించు. ఈ బాధ తప్పించుకోవడానికి శీర్షికలను ఫొటోషాప్‌లో బొమ్మలుగా చేసి పెట్టే అలవాటు మన వాళ్లలో చాలామందికి ఉంది. ఆ బొమ్మలోని మాటలు గూగుల్ వెతుకులాటలో ఆనవు, అంధులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందవు, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకునే పెద్దవారికీ ఉపయోగపడవు.

వరుసల ఎడం విషయంలో ఇంగ్లీషు పేజీల కొలతలు మనకు సరిపోవు. గుణింతాలు అక్షరం పైకి, వత్తులు కిందికి వెళ్లే లిపి మనది. శీర్షికకు లైన్-హైట్ (వరుస ఎత్తు అక్షరాల సైజుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.1 అని పెడితే పై వరుసలోని ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటల వత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి, పెట్టెకు ఓవర్‌ఫ్లో (హద్దు దాటిన భాగం) దాచమని చెప్పి ఉంటే వత్తులు సగానికి తెగిపోతాయి. మామూలు పాఠానికి 1.6 లేదా 1.7, శీర్షికలకు 1.4 కన్నా తగ్గకుండా పెట్టడం నా పద్ధతి. పోస్టర్లలో అక్షరాల మధ్య ఎడం పెంచి అందం తెచ్చే అలవాటు నీకుందని తెలుసు, దాన్ని వెబ్‌లోని తెలుగుకు వాడకు. ఫాంటు ఎంచుకునేటప్పుడు అందులో ఎన్ని మందాలు ఉన్నాయో చూడు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి, ఎన్టీఆర్, రామభద్ర వంటి వాటికి ఒక్కటే మందం ఉంది. వాటికి బోల్డ్ అడిగితే బ్రౌజరు తానే గీతలను లావు చేసి చూపిస్తుంది, ‘ఘ’, ‘ఝ’ల లోపలి ఖాళీలు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు వంటి వాటిలో పలుచని గీత నుంచి బాగా మందమైన గీత దాకా డిజైనర్లు గీసి ఇచ్చినవే ఉన్నాయి, నీ పనికి అవే మేలు. అలాగే ఇటాలిక్ అడిగితే బ్రౌజరు మన అక్షరాలను వంకరగా వాల్చేస్తుంది, ఒక మాటను ఎత్తి చూపాలంటే రంగో మందమో మార్చు.

నువ్వు ప్రోగ్రామర్‌వి కావాలని నేను అనను. ప్రోగ్రాములు రాసే భాష జావాస్క్రిప్ట్ జోలికి ఇప్పట్లో వెళ్లనక్కరలేదు. పేజీలో ఏది ఏమిటో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనబడాలో చెప్పే సీఎస్ఎస్ మాత్రం నీ చేత్తో నువ్వు రాయగలగాలి, అంతకు తక్కువైతే ఈ పనిలో నీ మాట నిలవదు. రంగులూ ఫాంట్లూ ఏమీ లేకుండా పేజీలోని మాటలను శీర్షిక, ఉపశీర్షిక, పేరా, జాబితా, లంకె అని గుర్తులు పెట్టి వట్టి హెచ్‌టీఎంఎల్‌గా రాసి బ్రౌజరులో చూడు. అలా చదివినప్పుడే క్రమం అర్థం కాకపోతే, పైన ఎంత అలంకారం వేసినా అది బాగుపడదు. ఆ తర్వాత పెట్టెలను వరుసలో సర్దే సీఎస్ఎస్ పద్ధతి ఫ్లెక్స్‌బాక్స్ నేర్చుకో. ఫిగ్మాలో నువ్వు రోజూ వాడే ఆటో లేఅవుట్ ఇంచుమించు అదే కనుక వారం తిరగకముందే పట్టుబడుతుంది. పెట్టెలను అడ్డం, నిలువు వరుసలుగా అమర్చే మరో సీఎస్ఎస్ పద్ధతి గ్రిడ్ 2017లో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది. ‘పెట్టె 240 పిక్సెళ్ల కన్నా సన్నబడకూడదు, చోటున్నన్ని పెట్టెలు వరుసలో పట్టాలి’ అన్న నియమాన్ని అందులో ఒకే ఒక్క వాక్యంగా రాయవచ్చు. ఆ వాక్యం రాశాక ఫోనుకు ఒకటి, ట్యాబ్‌కు ఒకటి, కంప్యూటరుకు ఒకటి అని మూడు వేరువేరు బొమ్మలు గీసే శ్రమ చాలావరకు తప్పుతుంది. అక్షరాల సైజులను పిక్సెళ్లలో బిగించకుండా రెమ్‌లలో ఇవ్వు. మామూలుగా ఒక రెమ్ అంటే 16 పిక్సెళ్లు, కానీ చదివేవారు తమ బ్రౌజరులో అక్షరాలు పెద్దవి చేసుకుంటే అదీ పెరుగుతుంది.

రంగులకూ ఎడాలకూ పేర్లు పెట్టుకో, ఫిగ్మాలోనూ సీఎస్ఎస్‌లోనూ అవే పేర్లు ఉండాలి. పేరు రంగును బట్టి కాక పనిని బట్టి ఉండాలి: ‘ఆకుపచ్చ’ అని పెడితే, వచ్చే ఏడాది దుకాణం వారు మెరూన్ కావాలన్నప్పుడు ఆ పేరు అబద్ధమవుతుంది, ‘ముఖ్య రంగు’ అని పెడితే విలువ ఒక్కటి మార్చితే సరిపోతుంది. ఎడాలకు 4, 8, 16, 24, 32 అన్న వరస చాలు, నీ ఫైలులో 13, 17, 22 కనిపించిన చోటల్లా వాటిని దీనికి సర్దు. పసుపు రంగు అక్షరాలు తెల్లటి నేల మీద పెళ్లిపత్రికలో చెల్లినా, ఎండలో పట్టుకున్న ఫోన్‌లో కనబడవు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు నేలతో 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలి. దాన్ని లెక్కకట్టే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి.

ఫొటోలను అచ్చుకు పంపినట్టు సీఎంవైకే రంగుల్లో పంపకు, తెరలకు వాడే ఎస్ఆర్‌జీబీ రంగుల్లోకి మార్చి, తక్కువ సైజులో ఇమిడే వెబ్‌పీ ఫైలుగా కుదించు. కోడ్‌లో ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు రాయించు. లేకపోతే ఫొటో పేజీలోకి వచ్చిన క్షణాన కింది మాటలు దూకుతాయి, ఒక చీరను నొక్కబోయిన వేలు మరో చీర మీద పడుతుంది.

ఆ అబ్బాయితో నీ వ్యవహారం కూడా మార్చుకోవాలి. ఫైలు పూర్తిచేసి పంపించి, నెల తర్వాత తప్పులు ఎంచడం ఇద్దరికీ అన్యాయం. ఒక్క చీర పెట్టె గీయగానే అతన్ని పిలిచి, దాన్ని బ్రౌజరులో తయారుచేయించి, పక్కన కూర్చుని బ్రౌజరు కిటికీ అంచును లాగుతూ అన్ని వెడల్పుల్లోనూ చూడండి. ఏ వెడల్పు దగ్గర విరుగుతుందో అక్కడే నియమం మార్చండి, మార్చిన దాన్ని నువ్వు ఫిగ్మాలోకి కూడా ఎక్కించు. అది చేయడం కష్టమని అతను అన్నప్పుడు ఎందుకు కష్టమో ఓపిగ్గా అడుగు, చాలాసార్లు నువ్వు కోరిన ఫలితానికి అతనికి తెలిసిన తేలిక దారి ఇంకొకటి ఉంటుంది.

వచ్చే ఉత్తరం నాటికి ఆ పెట్టె ఒక్కదాన్నే నీ చేత్తో హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లలో రాసి నాకు పంపు. పొడవైన పేరున్న చీర, ఫొటో లేని చీర, అమ్ముడైన చీర మూడూ అందులో ఉండాలి. దుకాణం వారి పాత ఫోన్‌లో తెరిచి చూశాకే పంపు.

ఇట్లు,
మామయ్య