నాలుగో పేజీ గురించి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటి మూడు పేజీలకు వంక పెట్టను. నాలుగో పేజీలో సైకియాట్రిస్టు వచ్చాడు, కథ కుంటుపడింది. ఆయన ఆ పెద్దాయన్ని ఎగాదిగా చూసి, నాలుగు ప్రశ్నలు వేసి, "డిప్రెషన్" అని తేల్చేశాడు.

ఒకప్పుడు నేనూ ఇలాగే రాశాను. "అతని మనసు చెదిరిపోయింది" అన్నది నా వాక్యం. డాక్టరైన స్నేహితుడొకడు చదివి, "సరే, నీకేం కనిపించింది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సైకియాట్రిస్టులు మానసిక స్థితి పరీక్ష అనేదంతా ఆ ప్రశ్నే అని తర్వాత తెలిసింది.

ఆ పరీక్ష మొదటి ప్రశ్న కంటే ముందే మొదలవుతుంది. మనిషి ఎలా నడిచి వచ్చాడు, బట్టలు ఎలా ఉన్నాయి, కుర్చీలో కుదురుగా ఉన్నాడా, అడిగాక జవాబు రావడానికి ఎంతసేపు పట్టింది, గొంతు ఎంత లేచింది. "మనసెలా ఉంది?" అని అడిగితే ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకుంటారు. ముఖంలో కనిపించింది విడిగా రాస్తారు. రెండూ ఒకటి కాకపోవచ్చు. "బానే ఉన్నానండీ" అంటూనే కళ్లు తుడుచుకునే మనిషి నీ కథలోనే ఉన్నాడు, ఆయన్ని నీ డాక్టరు చూడలేదు!

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. 1913లో కార్ల్ యాస్పర్స్ అనే జర్మన్ వైద్యుడు మనోవ్యాధుల మీద పెద్ద గ్రంథం రాశాడు. (తర్వాత వైద్యం వదిలి తత్వశాస్త్రానికి వెళ్లిపోయాడనుకో.) ఆలోచనలో ఏముంది అన్నది వేరు, అది ఏ రూపంలో వచ్చింది అన్నది వేరు అన్నాడాయన. ముగ్గురు మనుషులు "నా తిండిలో విషం కలుపుతున్నారు" అన్నారనుకో. ఒకరు వెంటనే "ఏమో, నా అనుమానమేనేమో" అంటారు. ఇంకొకరికి ఎన్ని రుజువులు చూపినా ఆ నమ్మకం ఇసుమంతైనా కదలదు. మూడో మనిషికి ఎవరూ లేని గదిలో ఒక గొంతు ఆ మాట చెప్పింది. విషం ఒకటే, లోపల జరుగుతున్నది మూడు రకాలు. మసక వెలుతురులో తాడును చూసి పామనుకోవడం ఒకటి, తాడు కూడా లేనిచోట పాము కనిపించడం మరొకటి. అన్నట్టు, నిజంగానే ఎవరైనా హాని చేస్తున్నారేమో కూడా కనుక్కోవాలి. వింతగా వినిపించిన ప్రతి మాటా జబ్బు కాదు.

నీ డాక్టరు చావు గురించి అడగకుండా "ధైర్యంగా ఉండండి" అని లేచిపోయాడు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అలా జరగదు. సూటిగా అడుగుతారు: చచ్చిపోవాలని అనిపిస్తోందా? అనిపించి ఊరుకున్నారా, ఎలాగో కూడా ఆలోచించారా? ఇన్నాళ్లూ ఆపింది ఏమిటి? ఈ చివరి ప్రశ్నకు నీ పెద్దాయన ఏం చెబుతాడో రాసి చూడు.

వందలోంచి ఏడేడు తీసేసే లెక్క పెట్టావు, మంచిదే. కానీ అది లెక్కల పరీక్ష కాదు. 93, 86, 79 అంటూ వెళ్లేటప్పుడు దృష్టి ఎంతసేపు నిలుస్తుందో చూడటానికి. బడి మెట్లెక్కని మనిషిని ఆ లెక్క అడిగి, తప్పు చెబితే మతి పోయిందనుకోవడం అన్యాయం. వారాల పేర్లు వెనక్కి చెప్పించినా సరిపోతుంది.

నీ కథలో పొద్దున్న బాగానే మాట్లాడిన మనిషి సాయంత్రానికి ఎవరినీ గుర్తుపట్టడు, గోడ మీద పురుగులు చూస్తాడు. నువ్వు దీన్ని దిగులు అనుకున్నావు. వయసు మీదపడిన వాళ్లలో ఇలా ఉన్నట్టుండి తేడా వచ్చి, పూటకోరకంగా ఉంటే డాక్టరు ముందు ఒంటివైపు చూస్తాడు. ఇన్ఫెక్షనా, రక్తంలో సోడియం తగ్గిందా, కొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టారా అని. అందుకే ఆ ఒక్క పూట చూసి ముద్ర వేయరు, ఇంట్లోవాళ్లనీ అడుగుతారు, మళ్లీ చూస్తారు. డిప్రెషన్ లక్షణాల గురించి తొమ్మిది ప్రశ్నలు అడిగే పీహెచ్‌క్యూ-9 లాంటి కాగితాలున్నాయి, 27కి మార్కులు వేస్తారు. అవి తలుపు తట్టడానికే, తీర్పు చెప్పడానికి కాదు.

"తనకు జబ్బుందని ఆయనకు తెలియదు" అని ఒక్క ముక్కలో తేల్చావు. అది అవును-కాదు వ్యవహారం కాదు. "నాకే జబ్బూ లేదు, మాత్ర వేసుకుంటే నిద్ర పడుతోంది, అందుకే వేసుకుంటున్నా" అనే మనిషిని ఎటువైపు వేస్తావు?

ఆ నాలుగో పేజీ ఒక్కటీ తిరగరాసి పంపు. జబ్బు పేరు రాయకు. కూతురిని కాసేపు గది బయట కూర్చోబెట్టు, ఆవిడ ఉన్నంతసేపూ పెద్దాయన నోరు విప్పడు.

ఉంటాను.